ధర అడగాల్సింది అది ఆరోగ్యంగా ఉన్నప్పుడే

మామిడిపళ్ల కాలంలో పెంపుడు కుక్కల డాక్టర్లకు తప్పని కేసు ఒకటుంది. పిల్లలు రసం పీల్చి పడేసిన టెంకను కుక్క నోట కరుచుకుంటుంది. ఎవరైనా తీయబోతే, లాక్కుంటారన్న కంగారులో గబుక్కున మింగేస్తుంది. మొదటి రోజు ఏమీ తెలియదు. ఆ తర్వాత అన్నం ముట్టదు, తాగిన నీళ్లు కూడా కక్కేస్తుంది, పొట్ట మీద చెయ్యి వేస్తే మూలుగుతుంది. టెంక పేగులో ఇరుక్కుంటే దానంతటది కరిగేది కాదు. ఎక్స్‌రేలో ఎముకలా స్పష్టంగా కనబడకపోవచ్చు కాబట్టి స్కానింగ్ కూడా చేసి, పొట్ట కోసి తీయాలి. ఆలస్యమైన కొద్దీ ఇరుక్కున్న చోట పేగుకు రక్తం అందక నల్లబడుతుంది. అప్పుడు ఆ ముక్కను కత్తిరించి, రెండు కొసలనూ కలిపి కుట్టాలి. ఆపరేషన్ పెద్దదవుతుంది, ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు పెరుగుతాయి. మింగిన మర్నాడే వెళ్లినవాళ్ల బిల్లుకూ నాలుగో రోజు వెళ్లినవాళ్ల బిల్లుకూ పోలిక ఉండదు. కుక్క బతికే అవకాశం కూడా అంతే.

మరి ఆ రెండు మూడు రోజులు ఇంట్లో ఏం జరుగుతుంది? జబ్బు గుర్తుపట్టలేకపోవడం కొంత ఉంటుంది. కానీ ఎక్కువ ఇళ్లలో నోరు తెరిచి చెప్పుకోని కారణం డబ్బు. ‘తీసుకెళితే ఎంత అంటారో’ అన్న భయంతో ‘రేపు చూద్దాం’ అనుకుంటారు. పెరుగన్నం పెట్టి చూస్తారు. తెలిసినవాళ్లను అడిగి ఏదో మాత్ర వేస్తారు. ఆ భయంతో గడిపిన ప్రతి పూటా ఖర్చును పెంచుతుంది. ఎంత అవుతుందో ఒక అంచనా ఉండి, అందులో కొంతైనా పక్కన పెట్టుకున్న ఇంటివాళ్లు మొదటి వాంతికే ఆటో ఎక్కుతారు. డబ్బు సంగతి ముందే తేల్చుకోవడం వల్ల వచ్చే అతి పెద్ద లాభం ఇదే.

మనకు కనబడని ధర

జంతువుల వైద్యం ఖరీదైనదని మనకు అనిపించడానికి ఒక కారణం, మన వైద్యం అసలు ధర మనకు తెలియకపోవడం. ఆరోగ్యశ్రీ కావచ్చు, ఉద్యోగుల హెల్త్ కార్డు కావచ్చు, కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్ కావచ్చు, మన బిల్లుకూ మనకూ మధ్య ఎవరో ఒకరు నిలబడతారు. కుక్కకో పిల్లికో ఆపరేషన్ చేయిస్తే ప్రతి సూదికీ ప్రతి సీసాకూ మనమే జేబులోంచి తీయాలి. మనిషికి వాడే సెలైనే, మనిషికి వాడే కుట్టు దారమే, చాలాసార్లు మనిషికి వాడే మందులే అక్కడా వాడతారు. పైగా రోగి నోరు విప్పి ఎక్కడ నొప్పో చెప్పలేదు కాబట్టి పరీక్షల అవసరం తగ్గదు, పెరుగుతుంది. కాబట్టి బిల్లు చూసి డాక్టర్ దోచుకుంటున్నాడని వెంటనే నిర్ణయానికి రాకండి. అలాగని అడగకుండా కట్టేయాల్సిన పని కూడా లేదు. ఒక మంచి సంగతి: జంతువుల ఆసుపత్రులు చేసే వైద్య సేవలకు మన దేశంలో జీఎస్టీ లేదు. మందుల షాపు బిల్లులో, పెట్ ఫుడ్‌లో పన్ను ఉంటుంది గానీ ఆపరేషన్ ఫీజు మీద విడిగా జీఎస్టీ వేస్తే అది ఎందుకో అడగండి.

ఆపరేషన్ ధర అంటే ఒక అంకె అనుకుంటాం. ఫోన్ చేసి ‘పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి ఎంతండీ?’ అని అడిగి, మూడు చోట్ల చెప్పిన అంకెలు పోల్చి, తక్కువ చెప్పిన చోటికి వెళతాం. ఆ అంకెలో ఏమేం కలిసున్నాయో అడగం. ఒకచోట చెప్పిన మొత్తంలో రక్తపరీక్షలు, మందులు, కుట్లు తీయడం అన్నీ ఉండవచ్చు. ఇంకోచోట అది సర్జన్ ఫీజు మాత్రమే కావచ్చు. అందుకే అంచనాను ముక్కలుగా విడదీసి చదవడం నేర్చుకోవాలి.

మొదటి ముక్క ఆపరేషన్‌కు ముందు పరీక్షలది. రక్తకణాల లెక్క, కాలేయం, కిడ్నీల పరీక్షలు తక్కువలో తక్కువ. వయసు మళ్లిన జంతువైతే గుండె పరీక్ష కూడా అవసరం పడవచ్చు. మన ప్రాంతంలో దీనికి మరో ప్రాధాన్యం ఉంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరం, అందరూ టిక్ ఫీవర్ అనేది, మన కుక్కల్లో చాలా ఎక్కువ. అది లోపల ఉంటే రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు పడిపోతాయి. పైకి కుక్క హుషారుగానే కనబడుతుంది. ఆ స్థితిలో కత్తి పెడితే రక్తం ఆగదు. పరీక్షలో ఇది బయటపడితే డాక్టర్ ఆపరేషన్ వాయిదా వేసి ముందు జ్వరానికి మందులు ఇస్తారు. డబ్బు మిగులుతుందని ఈ పరీక్షలు వద్దనకండి. ఖర్చు తగ్గించుకోదలిస్తే ఇంకెక్కడైనా తగ్గించుకోండి, ఇక్కడ వద్దు.

రెండో ముక్క మత్తుది. మత్తుమందు మోతాదు ఒంటి బరువును బట్టి ఉంటుంది. ముప్పై అయిదు కిలోల ల్యాబ్రడార్‌కూ నాలుగు కిలోల పొమేరేనియన్‌కూ ఒకే ఆపరేషన్‌కు ఒకే ధర ఉండకపోవడానికి ఇది ఒక కారణం. ఇంజెక్షన్‌తో మత్తు ఇచ్చి చేసే చోటు ఒకటి, ముందు ఇంజెక్షన్ ఇచ్చి తర్వాత గొట్టం ద్వారా ఆక్సిజన్‌తో కలిపి గ్యాస్ మత్తు ఇస్తూ, గుండె, ఊపిరి మానిటర్‌లో చూసే చోటు ఇంకొకటి. రెండోది ఖరీదు. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు, ముసలి జంతువులకు, గంటల తరబడి సాగే ఆపరేషన్లకు ఆ ఖరీదు పెట్టి తీరాలని నా అభిప్రాయం. చప్పిడి ముక్కు జాతుల గొంతు నిర్మాణం వల్ల మత్తులోకి వెళ్లేటప్పుడూ మెలకువ వచ్చేటప్పుడూ ఊపిరి అందకపోయే ప్రమాదం ఎక్కువ.

తర్వాత సర్జన్ ఫీజు, థియేటర్ ఖర్చు, ఎముకల ఆపరేషన్ అయితే లోపల వేసే ప్లేటు, స్క్రూల ధర. ఇవి అంచనాలో కనబడతాయి. చాలాసార్లు కనబడనిది ఆ తర్వాతి ఖర్చు: ఆసుపత్రిలో ఉంచుకునే రోజులకు అద్దె, రోజూ ఎక్కించే సెలైన్, డ్రెస్సింగులు, మెడకు వేసే కోన్, మళ్లీ చేసే రక్తపరీక్ష, పది పద్నాలుగు రోజులకు కుట్లు తీయించే రోజు ఫీజు, కొన్ని వారాల పాటు పెట్టాల్సిన ప్రత్యేక ఆహారం. మెట్లు ఎక్కలేని పెద్ద కుక్కను ఆసుపత్రికి తిప్పడానికి బండి ఖర్చు కూడా రాసుకోండి. కుక్కల్ని ఎక్కించుకునే క్యాబ్ దొరకడం ఎంత కష్టమో పెంచేవాళ్లందరికీ తెలుసు.

కాబట్టి డాక్టర్‌ను ఇలా అడగండి: ‘డాక్టర్ గారూ, అన్నీ సవ్యంగా జరిగితే ఎంత అవుతుంది? ఏదైనా అడ్డం తిరిగితే ఎంతదాకా పోవచ్చు? ఏ స్థాయి దాటితే ముందు నాకు ఫోన్ చేస్తారు?’ ఈ మూడింటికీ కాగితం మీద జవాబు రాయించుకోండి. ధర అడిగితే ప్రేమ లేదనుకుంటారేమోనని మొహమాటపడేవాళ్లు మనలో చాలామంది. రోజూ ఈ సంభాషణ చేసే డాక్టర్‌కు ఆ ప్రశ్నలో తప్పేమీ కనబడదు. నిజానికి, బడ్జెట్ ఎంతో ముందే చెప్పిన యజమానికి డాక్టర్ మెరుగైన దారి చూపగలరు. ఒకే జబ్బుకు ఒకటికి మించిన మార్గాలుంటాయి. ఖరీదైన మార్గం వీలుకాదని తెలిస్తే రెండో మార్గం గురించి చెబుతారు. మీరు బడ్జెట్ చెప్పకపోతే ఖరీదైనదే చెప్పి ఊరుకోవచ్చు.

ముందే తెలిసే ఆపరేషన్లు

ప్రమాదాలు ముందు తెలియవు. మూడో అంతస్తు బాల్కనీ నుంచి పిల్లి దూకుతుందని, గేటు తీసి ఉన్న క్షణంలో కుక్క రోడ్డు మీదికి ఉరుకుతుందని ఎవరు చెప్పగలరు? కానీ జాతి, ఆడో మగో, వయసు, ఈ మూడూ చూస్తే రాబోయే ఆపరేషన్లలో కొన్నిటినైనా ఊహించవచ్చు.

వీటిలో నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది ఆడకుక్కల గర్భసంచికి చీము పట్టడం గురించి. డాక్టర్లు పయోమెట్రా అంటారు. ఎదకు వచ్చి వెళ్లాక నెలా రెండు నెలల్లో, ఎక్కువగా నడివయసు దాటిన కుక్కల్లో వస్తుంది. కుక్క నీళ్లు విపరీతంగా తాగుతుంది, మాటిమాటికీ మూత్రం పోస్తుంది, తిండి మానేస్తుంది, నీరసపడుతుంది. కొన్నింటికి చీము బయటికి కారుతుంది. గర్భసంచి నోరు మూసుకుపోయిన వాటికి అదీ కనబడదు, పొట్ట మాత్రం ఉబ్బుతుంది. ఈ రెండో రకం మరీ ప్రమాదం. స్వీడన్‌లో ఆడకుక్కలకు ఆపరేషన్ చేయించే అలవాటు తక్కువగా ఉన్న రోజుల నాటి బీమా రికార్డులు చూస్తే, ఆడకుక్కల్లో దాదాపు నాలుగో వంతుకు పదేళ్లు నిండేలోపే ఈ జబ్బు వచ్చింది. మన ఇళ్లలోనూ ఆపరేషన్ చేయించని ఆడకుక్కలు తక్కువేమీ కాదు.

దీనికి చేసేది కూడా గర్భసంచి తీసివేసే ఆపరేషనే. కుక్క ఆరోగ్యంగా ఉండగా, వయసులో ఉండగా చేసేదీ అదే. తేడా ఏమిటంటే, ఆరోగ్యంగా ఉన్నప్పుడు పొద్దున తీసుకెళ్లి సాయంత్రం ఇంటికి తెచ్చుకోవచ్చు. చీము పట్టాక చేసేటప్పుడు విషం రక్తంలో కలిసి ఉంటుంది, కిడ్నీలు దెబ్బతిని ఉండవచ్చు, ముందు సెలైన్ ఎక్కించి నిలబెట్టాలి, అర్ధరాత్రి థియేటర్ తెరవాలి, రోజుల తరబడి ఐసీయూలో ఉంచాల్సి రావచ్చు. ఖర్చు కొన్ని రెట్లు అవుతుంది. దానికి తోడు, మొదటిసారి ఎదకు రాకముందే ఆపరేషన్ జరిగిన కుక్కలకు రొమ్ము గడ్డలు చాలా అరుదు. పెద్ద జాతుల్లో కీళ్లు ఎదిగేవరకూ కొంత ఆగమని డాక్టర్లు చెబుతుంటారు కాబట్టి ఏ వయసులో చేయించాలో మీ డాక్టర్‌తోనే మాట్లాడండి. ‘ఒక్క ఈత అయినా ఈననివ్వకపోతే పాపం’ అని పెద్దవాళ్లు అంటారు. వాళ్ల మాటలో జాలి ఉంది, కానీ పిల్లల్ని కనడం వల్ల కుక్క ఆరోగ్యానికి మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు. పిల్లలు పుట్టించే ఆలోచన మీకు లేకపోతే ఈ ఒక్క ఆపరేషన్‌కు ముందుగా ఖర్చు పెట్టడమే ఈ అధ్యాయం మొత్తంలో అన్నిటికంటే లాభసాటి సలహా.

మిగిలినవి త్వరగా చెబుతాను. ల్యాబ్రడార్, రాట్‌వీలర్‌లకు మోకాలి లిగమెంట్ తెగుతుంది. ఎముక కోసి ప్లేటు వేసే ఆపరేషన్ ఖర్చు నగరాల్లో లక్ష దగ్గరికి పోవచ్చు. ఒక కాలికి తెగిన వాటిలో చాలావాటికి తర్వాత రెండో కాలికీ తెగుతుంది, కాబట్టి ఒక కాలికి అయిన ఖర్చుతో లెక్క మూసేయకండి. ఈ రెండు జాతులకూ బరువు పెరగనివ్వకపోవడం కూడా డబ్బు దాచుకోవడమే. పొమేరేనియన్ లాంటి చిన్న జాతుల్లో మోకాలి చిప్ప పక్కకు జరుగుతుంది. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్న వాటికి పొట్ట గాలితో ఉబ్బి మెలిపడుతుంది. వాంతికి ప్రయత్నిస్తుంది గానీ ఏమీ రాదు, పొట్ట డోలులా బిగుస్తుంది. దానికి ఉన్న వ్యవధి గంటల్లోనే. మగపిల్లికి మూత్రం ఆగిపోవడం కూడా అలాంటిదే. ఇసుక పెట్టెలో కూర్చుని మాటిమాటికీ ముక్కుతూ చుక్క కూడా పోయకపోతే తెల్లారేదాకా ఆగకండి.

మధ్యలో ఒక హెచ్చరిక. నొప్పికని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ పిల్లికి వేస్తే ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు. మనుషుల నొప్పి మాత్రలు కుక్కల కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. అలా వచ్చిన చిక్కు వల్ల ఆపరేషన్ ఖర్చుకు ఇంకో ఖర్చు తోడవుతుంది.

ఎక్కడ చేయించాలి

ప్రైవేటు క్లినిక్ ఒక్కటే దారి అనుకోవద్దు. పశువైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రుల్లో సర్జరీలో పీజీ చేసిన ప్రొఫెసర్లు ఉంటారు, ఫీజులు నామమాత్రం. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం కళాశాలలు ఇలాంటివే. హైదరాబాద్ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. కొన్ని మందులు, ప్లేట్లు బయట కొనుక్కోవాల్సి రావచ్చు, క్యూలో నిలబడాలి, విద్యార్థులు చుట్టూ చేరి చూస్తారు, మీకు నచ్చిన రోజున తేదీ దొరకకపోవచ్చు. ఆగగలిగిన ఆపరేషన్లకు ఇది చక్కటి దారి. అర్ధరాత్రి అవసరానికి మాత్రం దీని మీద ఆధారపడలేం. మీ ఇంటికి దగ్గర్లో రాత్రిపూట నిజంగా డాక్టర్ ఉండే ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకోండి. బోర్డు మీద ‘24 గంటలు’ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి చూడండి.

ఊళ్లల్లో, చిన్న పట్టణాల్లో ఇంకో సమస్య ఉంది. పశువులకు సూదులు వేసే సహాయకులు కుక్కలకు ఆపరేషన్ కూడా తక్కువలో చేస్తామంటారు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేయాల్సింది రిజిస్టర్ అయిన పశువైద్యులు. బీవీఎస్సీ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ల చదువు. రిజిస్ట్రేషన్ నంబర్ అడగడానికి సంకోచించకండి.

డబ్బు ఎలా సమకూర్చుకోవాలి

నెలకు వెయ్యి రూపాయలు పక్కన పెట్టారనుకోండి. వడ్డీ కలపకుండానే మూడేళ్లకు 36,000, అయిదేళ్లకు 60,000. నెలకు 1,500 అయితే అయిదేళ్లకు 90,000. కుక్కపిల్ల ఇంటికి వచ్చిన నెలలోనే మొదలుపెడితే, పెద్ద జబ్బులు ఎక్కువగా వచ్చే నడివయసు నాటికి చాలా ఆపరేషన్లకు సరిపడే డబ్బు చేతిలో ఉంటుంది. ఇంటి ఖర్చుల ఖాతాలో కలిపితే అది నిలవదు, విడిగా ఉంచండి. పోస్టాఫీసు ఆర్డీ మంచిదే గానీ అది అయిదేళ్లది, మూడేళ్లు నిండకుండా మూసే వీలు ఉండదు. అవసరానికి వెంటనే తీయగల బ్యాంకు ఆర్డీ ఈ పనికి మేలు. మొదటి ఏడాది నిధి చిన్నగా ఉంటుంది, టెంకలు మింగేదీ ఆ వయసులోనే. ఆ లోటు పూడ్చడానికి బీమా గురించి ఆలోచించవచ్చు.

మన దేశంలో ప్రభుత్వ రంగ కంపెనీలు కుక్కలకు ఇచ్చిన పాత పాలసీలు ముఖ్యంగా జంతువు చనిపోతే పరిహారం ఇచ్చేవి. ఆపరేషన్, ఆసుపత్రి ఖర్చులు ఇచ్చే పాలసీని బజాజ్ అలియాంజ్ 2020లో తెచ్చింది, తర్వాత మరికొన్ని కంపెనీలు వచ్చాయి. ఏ పాలసీ తీసుకున్నా పత్రంలో నాలుగు సంగతులు వెతకండి. మొదటి ఎన్ని రోజులు క్లెయిమ్ ఇవ్వరు? ఏ వయసు దాటితే చేర్చుకోరు? ఒక్కో ఆపరేషన్‌కు గరిష్ఠంగా ఎంత ఇస్తారు? టీకాల కార్డు సక్రమంగా లేకపోతే ఏమవుతుంది? ఇప్పటికే ఉన్న జబ్బుకు, పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్‌కు సాధారణంగా డబ్బు రాదు. అందుకే బీమాకు కూడా ఆరోగ్యంగా, చిన్నగా ఉన్నప్పుడే వెళ్లాలి. ఈ ప్రీమియం మీద ఆదాయపు పన్ను 80డి మినహాయింపు రాదు. ఎనిమిదేళ్ల కుక్క ఉన్నవాళ్లు బీమా కోసం వెతకడం కంటే నెలనెలా దాచడమే నయం.

ఇంకో మాట వీధికుక్కలకు అన్నం పెట్టేవాళ్లకు. అపార్టుమెంటు గేటు దగ్గర అందరూ ముద్దుచేసే కుక్కకు కారు గుద్ది కాలు విరిగినప్పుడు బిల్లు మాత్రం ఎప్పుడూ ఒకరిద్దరి మీదే పడుతుంది. వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రి చందాలు అడిగితే కొందరు ఇస్తారు, కొందరు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. నెలకు ఇంటికి యాభై రూపాయల చొప్పున ముందే ఒకరి దగ్గర పోగుచేసుకుంటే ఆ మనస్తాపం ఉండదు.

ఇంట్లో మాట్లాడుకోవాల్సింది

ఇది అన్నిటికంటే కష్టమైన భాగం. ఎంతవరకూ ఖర్చు పెట్టగలం అన్నది కుటుంబమంతా కూర్చుని, కుక్క మన కాళ్ల దగ్గర హాయిగా నిద్రపోతున్న రోజున మాట్లాడుకోవాలి. ఆసుపత్రి కౌంటర్ దగ్గర ఏడుస్తూ నిర్ణయిస్తే కొందరు పిల్ల ఫీజుకు దాచిన డబ్బు తీసి కట్టేస్తారు, బంగారం కుదువ పెడతారు. కొందరు భయపడి, నయమయ్యే జబ్బునే వదిలేసి వెనక్కి తీసుకొచ్చేస్తారు. రెండు రకాలవాళ్లూ తర్వాత ఏళ్ల తరబడి బాధపడతారు. ఒక హద్దు పెట్టుకోవడం నిర్దయ కాదు. ఆ హద్దు లోపల నయమయ్యే ప్రతి జబ్బుకూ వెనకాడకుండా ఖర్చు పెట్టగలం.

డబ్బుతో పాటు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఈ ఆపరేషన్ తర్వాత అది ఎలా బతుకుతుంది? పదమూడేళ్ల కుక్కకు, ఊపిరితిత్తులకు పాకిన గడ్డకు పెద్ద ఆపరేషన్ చేయిస్తే మిగిలేది కొన్ని వారాల నొప్పి కావచ్చు. అలాంటప్పుడు నొప్పి తెలియకుండా మందులతో చూసుకోవడం, చివరికి డాక్టర్ చేత ప్రశాంతంగా నిద్రపుచ్చించడం కూడా వైద్యంలో భాగమే. డబ్బు ఉన్నంత మాత్రాన చేయించి తీరాలని లేదు. మీ డాక్టర్‌ను ‘ఇది మీ సొంత కుక్కయితే ఏం చేస్తారు?’ అని అడగండి. చాలామంది నిజం చెబుతారు.

ఈ వారంలో ఒక గంట దీనికి కేటాయించండి. మీ జంతువు బరువు తూచి రాసుకోండి, టీకాల కార్డు ఎక్కడుందో వెతికి పెట్టండి, మీరు వెళ్లే క్లినిక్‌కు ఫోన్ చేసి దాని జాతికి వచ్చే రెండు మూడు ఆపరేషన్లకు ఇప్పుడు ఎంత తీసుకుంటున్నారో, అందులో ఏమేం కలిసున్నాయో అడగండి, రాత్రి ఆసుపత్రి నంబర్ ఫోన్‌లో ఇంటిల్లిపాదీ దాచుకోండి. ఆ తర్వాత మొదటి నెల డబ్బు ఆ విడి ఖాతాలో వేయండి, ఎంత చిన్న మొత్తమైనా సరే.